సీమ మిషను, కలకత్తా మిషను

మాచర్లలో టముకు వేసినవాడు చెప్పింది సరిగ్గానే చెప్పాడు. విన్నవాళ్ళే తమకు తోచినట్టు విన్నారు.

"కుట్టు మిషన్లు ఉన్నోళ్ళంతా వచ్చే బుధవారం గురజాల ముసాఫరు బంగళాకి రావాలహో. టారిఫ్ బోర్డు ఆఫీసరు గారు వచ్చి మిషన్ల సంగతి విచారిస్తారహో. వీలైనోళ్ళు మిషన్లు కూడా తేవాలహో" అని స్టేషను దగ్గర మొదలుపెట్టి బజారు చివరిదాకా డప్పు కొట్టుకుంటూ పోయాడు.

అది నలభై ఏడో సంవత్సరం, మాఘమాసం. యుద్ధం అయిపోయినా కంట్రోళ్ళు అయిపోలేదు. బియ్యానికి కార్డు, కిరసనాయిలుకు కార్డు, పంచెల చాపుకు కార్డు. సర్కారు ఒక వస్తువును గురించి విచారిస్తున్నదంటే ఆ వస్తువు ఇక కంటికి కనపడదని జనం అనుభవం మీద నేర్చుకుని ఉన్నారు. దాంతో మర్నాటికి మాచర్లలో కుట్టు మిషనన్నది లేకుండా పోయింది. ఒకాయన తన మిషన్ను గడ్డివాములో దూర్చాడు. ఇంకొకాయన బండికెత్తించి అత్తగారి ఊరు పంపించాడు. పెళ్ళిళ్ళ రోజులు. కత్తిరించిన చొక్కాలు కత్తిరించినట్టే ఉన్నాయి. పెళ్ళికొడుకుల తండ్రులు దర్జీల అరుగుల ముందు నిలబడి అరుస్తుంటే, దర్జీలు చేతులు కట్టుకుని "మిషను చెడిపోయింది బాబాయ్" అని ఒకే మాట చెబుతున్నారు.

స్టేషను రోడ్డులో కొట్టున్న అబ్దుల్ రహీమ్ కూడా తన మిషను దాచాడు. ఆయనది ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చిన సీమ మిషను. నల్లటి ఒంటి మీద బంగారు రంగు తీగలు, పువ్వులు ఉంటాయి. తండ్రి నుంచి వచ్చింది. పొద్దున్నే దాన్ని మెత్తటి గుడ్డతో తుడిచిన తర్వాతే టీ తాగేవాడు. ఇంకొకరి చెయ్యి దాని మీద పడనిచ్చేవాడు కాడు. దాన్ని బల్ల నుంచి ఊడదీసి, బొంతలో చుట్టి, పక్కనున్న మిర్చి కొట్లో బస్తాల వెనక పెట్టి వచ్చాడు.

"ఇంక నీదెక్కడ పెడదాం?" అని భార్యనడిగాడు.

ఆయన భార్య మహమూదాకు వేరే మిషనుంది. కలకత్తాలో తయారైన దేశవాళీ మిషను, చేత్తో తిప్పేది. యుద్ధం రోజుల్లో రెండు మేకల్ని అమ్మి కొనుక్కుంది. దాని మీద లోపలి గదిలో కూర్చుని ఆడవాళ్ళ రవికలు, పిల్లల గౌన్లు కుట్టేది. రహీమ్ దాన్ని ఎప్పుడూ మిషను అనలేదు. "డబ్బా" అనేవాడు. "నీ డబ్బా మోత ఆపితే నిద్రపోతా" అనేవాడు.

"నాదెందుకు దాచటం?" అంది మహమూదా తల ఎత్తకుండా. "డబ్బానే గదా. సర్కారోళ్ళు డబ్బా ఏం చేసుకుంటారు?"

 ఆ వారమంతా మాచర్లలో మోగిన కుట్టు మిషను అదొక్కటే. రవికలతో పాటు చొక్కాలు వచ్చాయి, లాల్చీలు వచ్చాయి. ఒక పెళ్ళికొడుకు ఏకంగా గడప దగ్గరే కూర్చుని, కుట్టడం అయ్యాక లేచాడు. రహీమ్ గుండీలు కుడుతూ, కాజాలు తీస్తూ ఆమెకు సాయం కూర్చోవలసి వచ్చింది.

ఆదివారం నాడు వెంకట్రామయ్య వచ్చాడు. ఆయన నలభై ఎకరాల ఆసామి, కాంగ్రెసు మనిషి, ఖద్దరు తప్ప కట్టడు. తాలూకాఫీసుకు వచ్చిన కాగితం తెప్పించుకుని చదివాడు గనక అసలు సంగతి ఆయనకే తెలుసు.

"ఏంది రహీమూ, మిర్చి కొట్లో మిషను పెట్టావంట. వాటిని పట్టుకుపోయేదానికి ఎవరూ రావట్లా" అన్నాడు అరుగు మీద కూర్చుంటూ. "మన దేశంలో ఇప్పుడిప్పుడే కుట్టు మిషన్ల ఫ్యాక్టరీ పెట్టారు. సీమ మిషన్లు వచ్చి పడితే అది నిలబడదు. సీమ సరుకు మీద సుంకం వెయ్యాలా, వద్దా, వేస్తే ఎంత వెయ్యాలా అని బొంబాయిలో బోర్డు ఆలోచిస్తా ఉంది. మిషను వాడేవాళ్ళు ఏమంటారో కనుక్కురమ్మని ఆఫీసర్ని పంపారు. పట్నాల్లో అడిగారు, మనలాంటి చిన్న ఊళ్ళలో కూడా అడగాలన్నారు. అంతే సంగతి."

"అంతేనా?" అన్నాడు రహీమ్. మొహంలోకి ప్రాణం వచ్చింది.

"అంతే. నువ్వు గురజాల వచ్చి, దేశవాళీ మిషనే గొప్పదని రెండు ముక్కలు చెప్పాల. స్వరాజ్యం ఇదిగో అదిగో అంటున్న రోజులు. మన ఊరి పేరు నిలబెట్టాల."

రహీమ్ కాసేపు ఆలోచించాడు. "వెంకట్రామయ్య గారూ, మీ మాట నేనెప్పుడూ తీసెయ్యలా. కానీ మిషను సంగతిలో అబద్ధమాడలేను. సీమ మిషను సీమ మిషనే. నా చేతికి తెలుసు."

వెంకట్రామయ్య గది గుమ్మం వైపు చూశాడు. "మహమూదమ్మా, పోనీ నువ్వన్నా చెప్తావా? దేశవాళీ మిషను ఉంది నీ దగ్గరే గదా."

"వస్తా బాబాయి గారూ" అంది మహమూదా లోపల్నుంచి. "ఉన్నది ఉన్నట్టు చెప్తా."

ఆ 'ఉన్నది ఉన్నట్టు' అన్నమాట ఆయనకు అంత నచ్చలేదు. అయినా ఎవరో ఒకరు వస్తున్నారు గదా అని లేచి వెళ్ళాడు.

తన మిషను మాట తనూ చెబుతానని రహీమ్ కూడా సిద్ధం కావడంతో, బుధవారం పొద్దున రైల్లో ముగ్గురూ బయలుదేరారు. రహీమ్ తన మిషన్ను మిర్చి కొట్లోంచి తెచ్చి, ఆ బొంతతోనే పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకున్నాడు. మహమూదా మిషను గోనెసంచిలో బెంచీ కింద ఉంది. రైలు కదిలిన కాసేపటికి పెట్టెలో ఒక్కొక్కరే తుమ్మడం మొదలుపెట్టారు. ముందు వెంకట్రామయ్య, తర్వాత ఎదురుగా కూర్చున్న ముసలమ్మ, తర్వాత టిక్కెట్లు చూసే ఆయన.

"ఏం మోసుకొస్తున్నావయ్యా సాయిబూ, మందుగుండా?" అన్నాడాయన కళ్ళు తుడుచుకుంటూ.

"మిషను సామీ. వారం రోజులు మిర్చి బస్తాల్లో ఉంది."

"మొన్నటిదాకా సీమ మిషను" అంది మహమూదా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని. "ఇప్పుడు పల్నాటి మిషనయింది."

పెట్టెలో వాళ్ళంతా నవ్వారు. రహీమ్ కూడా నవ్వు ఆపుకోవాలని చూశాడు గానీ తుమ్ము అడ్డం వచ్చింది.

గురజాల బంగళా వరండాలో మేజా వేసుకుని ఆఫీసరు కూర్చున్నాడు. పేరు ప్రభాకరరావు. మద్రాసు నుంచి వచ్చినా తెలుగువాడే. ముప్పై అయిదేళ్ళుంటాయి. అందరికీ కుర్చీలు, బెంచీలు వేయించి, మహమూదాను కూడా కూర్చోమన్నాడు. చుట్టుపక్కల ఊళ్ళ దర్జీలు చాలామందే వచ్చారు గానీ మిషన్లు తెచ్చినవాళ్ళు లేరు. తమవి చెడిపోయాయనీ, సంగతేందో చూసి పోదామని వచ్చామనీ చెప్పుకున్నారు. గుంటూరులో సీమ మిషన్లు అమ్మే ఏజెంటొకాయన కూడా సూటూ బూటుతో వచ్చి మొదటి కుర్చీలో కూర్చున్నాడు.

ముందు రహీమ్‌ను పిలిచారు. బొంత విప్పాడు. ప్రభాకరరావు ముక్కు దగ్గర రుమాలు పెట్టుకుని, మిషను చుట్టూ తిరిగి చూశాడు.

"ఎన్నాళ్ళ నుంచి వాడుతున్నారు?"

"మా అబ్బాజాన్ నాటిది హుజూర్. నాకు మీసాలు రాకముందు నుంచి దీని మీదే కుడుతున్నా. వేలెడు మందం బట్టయినా, మల్లుగుడ్డయినా దీనికి ఒకటే. కుట్టు చూడండి, చీమల బారు లెక్కన ఉంటది."

"దీని మీద సుంకం పెంచితే?"

"నాలాంటోడు ఇంకొకటి కొనలేడు. పెంచొద్దని నా మాట."

ఏజెంటు తల ఊపాడు. వెంకట్రామయ్య దగ్గాడు. ప్రభాకరరావు రాసుకున్నాడు.

తర్వాత మహమూదా వంతు. ఆమె గోనెసంచి విప్పి మిషను మేజా మీద పెట్టింది. రంగు అక్కడక్కడ లేచిపోయి ఉంది. పిడికి చింతకర్ర తొడిగి ఉంది.

"దీంట్లో లోపాలేమన్నా ఉన్నాయా అమ్మా?" అని అడిగాడు ప్రభాకరరావు.

"ఉన్నయ్యి" అంది మహమూదా. "మరలు మెత్తన. రెండు పెళ్ళిళ్ళ బట్టలు కుట్టేసరికి వదులవుతయ్యి. మందం గుడ్డకు మొరాయిస్తది. నూనె చానా తాగుద్ది. పిడి మొదటి సంవత్సరమే ఊడిపోయింది."

వెంకట్రామయ్య ఈసారి గట్టిగా దగ్గాడు. మహమూదా ఆయన వైపు చూసింది గానీ ఆగలేదు.

"అట్టాగని మంచి లేకపోలేదు. మర ఊడిపోతే పిడుగురాళ్ళలో మా అల్లుడు ముర్తుజా, లారీలు బాగుచేస్తాడు, వాడే ఇంకోటి చేసిచ్చాడు. ఆ తర్వాత అది ఊడలేదు."

ఏజెంటు కుర్చీలో ముందుకు జరిగాడు. "సార్, ఆమే ఒప్పుకుంటోంది. ఇది మిషను కాదు, ఆటబొమ్మ. బట్టలు కుట్టడానికి పనికొచ్చేది కాదు. కావాలంటే పరీక్ష పెట్టండి." తన సంచిలోంచి ఖాకీ గుడ్డ ముక్క తీసి నాలుగు మడతలు వేసి మేజా మీద పెట్టాడు.

ప్రభాకరరావు మహమూదాను చూశాడు. "మీకు ఇష్టమైతేనే అమ్మా."

"కుట్టి చూద్దాం" అంది ఆమె.

పిడి తిప్పింది. దారం తెగింది. మళ్ళీ ఎక్కించి తిప్పింది. మళ్ళీ తెగింది. ఏజెంటు వెనక్కి ఆనుకుని కాలు మీద కాలు వేసుకున్నాడు. "మా కొట్లో పిల్లలు ఆడుకోవడానికి ఇలాంటిది ఒకటి పెడదామనుకుంటున్నా" అని పక్కవాళ్ళతో అన్నాడు. ఒకరిద్దరు నవ్వారు.

రహీమ్ లేచాడు. ఎందుకు లేచాడో ఆయనకే తెలియనట్టుంది. మేజా దగ్గరికి వచ్చి, "జరుగు" అన్నాడు భార్యతో. జేబులోంచి లావు సూది తీసి మార్చాడు. పైదారం కొంచెం వదులు చేశాడు. చక్రం పక్కన ఒక చుక్క నూనె వేసి, గుడ్డ సర్ది, చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పాడు.

"దీనికి మొదటి నాలుగు కుట్లు బతిమాలాల" అన్నాడు ఏజెంటుతో. "ఆ తర్వాత అదే దారికొస్తది. ఊఁ, తిప్పు."

మహమూదా పిడి తిప్పింది. మిషను ఒకసారి మూలిగి, సూది నాలుగు మడతల్లోకి దిగి, పైకి వచ్చి, మళ్ళీ దిగింది. ఖాకీ ముక్క ఈ చివర నుంచి ఆ చివరికి పోయింది. ప్రభాకరరావు దాన్ని పట్టి లాగి చూశాడు. తెగలేదు.

ఏజెంటు ఓడిపోయే మనిషి కాదు. "బాగుంది. కలకత్తా వాళ్ళు మిషనుతో పాటు ఒక మొగుణ్ణి కూడా పంపిస్తారన్నమాట" అన్నాడు. ఈసారి వరండా అంతా నవ్వింది. ప్రభాకరరావు కూడా నవ్వాడు. మహమూదా కొంగు చాటున నవ్వుకుంది.

రహీమ్ మాత్రం నవ్వలేదు. "పంపిస్తే తప్పేంది?" అన్నాడు. "మీ సీమోళ్ళు మిషను అమ్మి మొహం చాటేశారు గదయ్యా. యుద్ధంలో నా మిషనుకు కింది దారం తిప్పే షటిల్ విరిగితే నీ కొట్టుకే వచ్చినా. ఓడలు రావట్లేదు, లేదు పొమ్మన్నావు. గుర్తుందా?"

ఏజెంటు కాలు మీది కాలు దించాడు.

మహమూదా భర్త చెయ్యి మెల్లగా తాకింది. ఆ సంగతి ఆమె చెప్పదలచుకోలేదు. మాచర్లలో ఎవరికీ తెలియని సంగతి అది. చెప్తే ఆయన పరువు పోతుందని ఆమె ఇన్నాళ్ళూ పుట్టింట్లో కూడా అనలేదు. రహీమ్ ఒక్క క్షణం ఆగి, ప్రభాకరరావు వైపు తిరిగాడు.

"హుజూర్, నేను ఇందాక చెప్పిన దాంట్లో సగమే ఉంది. మిగతా సగం కూడా రాసుకోండి. యుద్ధం అయ్యేదాకా నా మిషను ముందు గదిలో బొమ్మలాగా కూర్చుంది. నేను దాన్ని రోజూ తుడిచేవాణ్ణి. కుట్టింది లోపల దీని మీద. కళ్ళకు ఎండ పడట్లేదని అందరికీ చెప్పి లోపల కూర్చునేవాణ్ణి. ఊళ్ళో జనం సీమ మిషను కుట్టు బాగుందని మెచ్చుకుంటే అవునవునని తల ఊపినా. అదంతా ఈ డబ్బా…" అని ఆగి, మాట మార్చుకున్నాడు. "ఈ మిషను కుట్టింది. మా ఇల్లు దీని మీద నడిచింది. దీన్ని నేను ఎన్నన్నా అంటా, మా ఇంటిది గనక. బయటోళ్ళు అంటే మాత్రం ఊరుకోను."

 వెనక బెంచీలో మాచర్ల దర్జీ ఒకాయన, "నేను అనుకుంటానే ఉన్నా, ఆ కుట్టు వేరేగా ఉందని" అన్నాడు. "ఇప్పుడు అనుకుంటున్నావులే" అన్నాడు పక్కాయన. మళ్ళీ నవ్వులు మొదలయ్యాయి.

ప్రభాకరరావు కలం పక్కన పెట్టి మహమూదాను అడిగాడు. "అయితే సుంకం వెయ్యమంటారా, వద్దంటారా?"

"వెయ్యండి" అంది ఆమె. "నడక రాని పిల్లోడికి వేలియ్యాల గదా. కానీ సూదుల మీద వెయ్యొద్దు. సూదులు మన దగ్గర మంచియ్యి ఇంకా చెయ్యట్లా. సూది లేకపోతే ఏ దేశం మిషనైనా ఒకటే. ఇంకో మాట. ఆ వేలు కూడా పెళ్ళీడు దాకా పట్టుకోబాకండి. నడక వచ్చినాక వదిలెయ్యాల. లేకపోతే మరలు ఎప్పటికీ మెత్తగానే చేస్తారు వాళ్ళు."

ప్రభాకరరావుకు ఆ మాట నచ్చింది. అయినా ఊరికే వదల్లేదు. "నడక వచ్చిందో లేదో ఎవరు చెప్పాలమ్మా? ఫ్యాక్టరీ వాళ్ళను అడిగితే ఇంకా రాలేదనే అంటారు. మాకు వచ్చే చిక్కంతా అక్కడే."

మహమూదా ఆలోచించింది. "తల్లినడిగితే ఎప్పుడూ రాలేదనే అంటది. పక్కింటోళ్ళని అడగాల."

"పక్కింటివాళ్ళంటే మీలాంటివాళ్ళా?"

"అంతే గదా. ఏడాదికోసారి ఇట్టా వచ్చి అడగండి. మేమెక్కడికీ పోం."

"ఏడాదికోసారి పల్నాడు వస్తే మా బోర్డు వాళ్ళు నన్ను ఇక్కడే ఉండిపొమ్మంటారు" అన్నాడు ప్రభాకరరావు నవ్వుతూ. అంతా రాసుకున్నాడు. సూదుల మాట రెండుసార్లు అడిగి, ఏ రకం సూదో, ఎన్నాళ్ళకు అరిగేదో కూడా తెలుసుకున్నాడు. పని అయ్యాక చక్రం చేత్తో తిప్పించి రహీమ్ మిషను మీద, మహమూదా మిషను మీద తన రుమాలు అంచు కొంచెం కొంచెం కుట్టించుకుని చూసుకున్నాడు. ఏది బాగుందో మాత్రం చెప్పలేదు.

తిరుగు రైల్లో వెంకట్రామయ్య ఉత్సాహంగా ఉన్నాడు. "మొత్తానికి మన మాటే నెగ్గిందయ్యా" అన్నాడు.

"మీ మాట ఎక్కడ నెగ్గింది బాబాయి గారూ, లోపాలన్నీ చెప్పేసినా గదా" అంది మహమూదా.

"చెప్తే చెప్పావులే. లోపాలు చెప్పి కూడా వెయ్యమన్నావు. అదే గట్టి సాక్ష్యం. నేను చెప్పమన్నట్టు చెప్పుంటే ఆయన రాసుకునేవాడు కాదు." ఆయన ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు.

రహీమ్ కిటికీలోంచి మిరప చేలు చూస్తూ కూర్చున్నాడు. ఊళ్ళో సంగతి తెలిసిపోతుంది, రేపటి నుంచి నవ్వుతారు అని ఆయనకు తెలుసు. కానీ లోపల ఎందుకో తేలికగా ఉంది. గుట్టలు దాటుతుండగా భార్యతో, "ఆ పిడికి చింతకర్ర బాగాలేదు. టేకుది చేయిస్తా" అన్నాడు.

"చేయించండి రబియా అబ్బా" అంది ఆమె. రబియా వాళ్ళ ఒక్కగానొక్క కూతురు, ముర్తుజా భార్య.

మాచర్లలో నవ్వారు, నిజమే. నాలుగు రోజులు నవ్వి మానుకున్నారు. దాచిన మిషన్లు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. గడ్డివాములో పెట్టినాయన దాంట్లో ఎలుక పిల్లలు పెట్టిందని గగ్గోలు పెట్టాడు. అత్తగారి ఊరికి పంపినాయన మిషను మాత్రం రాలేదు. వాళ్ళ మరదలు కుట్టడం నేర్చుకుని ఇక ఇవ్వనన్నది.

ఆ ఏడాదే స్వరాజ్యం వచ్చింది. తర్వాత కొన్నాళ్ళకు వెంకట్రామయ్య పేపరు పట్టుకుని కొట్టుకు వచ్చాడు. దేశవాళీ కుట్టు మిషన్లకు కొన్నేళ్ళపాటు రక్షణ ఇస్తున్నారని అందులో ఉంది. సూదుల మాట ఎక్కడన్నా ఉందేమో చూడమంది మహమూదా. ఆయన అద్దాలు పెట్టుకుని రెండు పేజీలు వెతికాడు. లేదు.

"వాళ్ళు మర్చిపోయినట్టున్నారు" అన్నాడు రహీమ్.

"ఆయన మర్చిపోయే మనిషి కాదు. పేపరోళ్ళు వెయ్యలేదేమో" అంది మహమూదా. అది ఆమె నమ్మకం.

ఆ మాఘమాసం తర్వాత ఆమెను వెతుక్కుంటూ వచ్చే ఆడవాళ్ళు ఎక్కువయ్యారు. వెల్దుర్తి నుంచి వీరరాఘవమ్మ అనే రైతు ఇల్లాలు బండి కట్టించుకుని వచ్చింది. గురజాల బంగళా సంగతి ఎవరో చెబితే విని, ఆమె మొగుడితో వారం రోజులు పోట్లాడి వచ్చింది.

"నాకూ మిషను కావాల వదినా. మా ఊళ్ళో రవిక కుట్టించుకోవాలంటే మాచర్ల రావాల. ఏ మిషను కొనమంటావు?"

మహమూదా భర్త వైపు చూసింది. "ఆయన్నడుగు" అంది.

రహీమ్ కుడుతున్న చొక్కా పక్కన పెట్టాడు. "మందం గుడ్డలు కుడతావా, రవికలేనా? చేతి మిషనా, కాలి మిషనా? చెడిపోతే పిడుగురాళ్ళ దాకా పోగలవా?" అని వరసగా అడిగాడు. ఆమె చెప్పిందంతా విని, "అయితే కలకత్తాదే తీసుకో" అన్నాడు. "కానీ ఒంటరిగా పోబాక. నేను చూసి తీసిస్తా. పది తిప్పితే ఒకటి బాగుంటది."

మరుసటి వారం ముగ్గురూ గుంటూరు వెళ్ళారు. సూటు ఏజెంటు కొట్లో ఇప్పుడు ఒక వరసంతా దేశవాళీ మిషన్లే ఉన్నాయి. రహీమ్‌ను చూసి ఆయన కొంచెం తడబడ్డాడు, తర్వాత తనే కుర్చీ వేశాడు. "ఈ కొత్త వాటికి మరలు గట్టివి సాయిబు గారూ. తిప్పి చూడండి" అన్నాడు. రహీమ్ ఒక్కొక్కదాని చక్రం తిప్పి, చెవి ఆనించి విని, ఇది కాదు, ఇది కాదు అంటూ వరస చివరిదాకా పోయాడు. చివరి నుంచి రెండోది మేజా మీద పెట్టించాడు.

"ఊఁ, కుట్టి చూడమ్మా" అన్నాడు.

వీరరాఘవమ్మ జన్మలో మొదటిసారి పిడి పట్టుకుంది. గుడ్డ ముక్క ఇటు పోవలసింది అటు పోయింది. కుట్టు ఏటి వంకలా మెలికలు తిరిగింది. ఏజెంటు సర్దబోతే మహమూదా ఆయన్ని వద్దని, వెనక నుంచి ఆమె చేతుల మీద తన చేతులు వేసి నెమ్మదిగా తిప్పించింది. చివరి జానెడు తిన్నగా వచ్చింది. వీరరాఘవమ్మ ఆ ముక్క తెంచి, మడిచి, బొడ్లో దోపుకుంది.

"మా ఆయనకు చూపించాల" అంది. "రైలెప్పుడు?"